కర్నాక్ జాబితాలో యెరూషలేము ఎందుకు దొరకట్లేదంటే

బైబిల్లో యెరూషలేము మీదికి వచ్చిన ఈజిప్టు రాజు షీషకు. అతని దాడికి ఈజిప్టు ఆధారం ఉందంటారు, కానీ ఈజిప్టులోని కర్నాక్ గుడి గోడ మీద చెక్కిన ఊళ్ల జాబితాలో చూస్తే యెరూషలేము లేదే అని కొందరు అడుగుతుంటారు. ఇప్పుడు చదవగలిగే పేర్లలో అది నిజంగానే లేదు. చాలా పేర్లు చెరిగిపోయాయి కూడా.

1. ముందు 1 రాజులు 14:25-26 మళ్లీ చూడండి. షీషకు వచ్చాడు, మందిర ధనం, రాజనగరు ధనం పట్టుకుపోయాడు. నగరాన్ని కూల్చాడని అక్కడ లేదు.

2. గోడ మీది రాజు మొదటి షెషోంక్. షీషకు ఇతనేనని ఎక్కువమంది పండితుల మాట. దాడి సుమారు క్రీ.పూ. 925.

3. అందరూ తప్పేది ఇక్కడే: జాబితాను మొదటి నుంచి చదవడం. ఒక్కో పేరునూ ఇలా చెక్కారు: చేతులు వెనక్కి కట్టిన ఖైదీ, అతని ఒంటి స్థానంలో కోటగోడలాంటి గుండ్రటి చట్రం, అందులో ఊరి పేరు. మొదటి తొమ్మిదీ ఆనవాయితీగా చెక్కే శత్రువుల పేర్లే, దాడితో సంబంధం లేదు. వాటిని వదిలేసి 23వ పేరు చూడండి: గిబియోను. యెరూషలేముకు వాయవ్యంగా, సుమారు పది కిలోమీటర్ల దూరమే. 26 అయ్యాలోను, 27 ఉత్తరాన ఉన్న మెగిద్దో నగరం.

4. మెగిద్దోలో షెషోంక్ పేరున్న శిలాఫలకం ముక్క 1920లలో దొరికింది. కాకపోతే పాత తవ్వకాల మట్టికుప్పలో దొరికింది కాబట్టి ఏ పొరదో, అంటే ఏ కాలపు మట్టిలోదో, తేలదు. దాంతో తేదీలు కట్టే వీడియోలను నమ్మకండి.

దండయాత్రకు ఆధారం గట్టిదే. యెరూషలేము ధనం సంగతి మాత్రం బైబిల్లోనే ఉంది.