పాత షెవీ పికప్‌లో ట్రాన్స్‌మిషన్ వేడెక్కుతోంది, బ్రేకు పెడల్ దిగిపోతోంది. పెద్ద కూలర్, వెనక డిస్కులు వేయిస్తే సరిపోతుందా?

మీది డెన్వర్, బండి 1997 షెవర్లే కె1500, 5.7 ఇంజన్, 4ఎల్60ఇ ఆటోమేటిక్. ట్రైలర్ కట్టి ఐ-70 హైవే మీద కొండలెక్కితే ఆయిల్ 240 డిగ్రీల ఫారన్‌హీట్ దాటుతోందని, దిగేటప్పుడు పెడల్ సగం దాకా పోతోందని రాశారు. రెండు కిట్లూ ఇప్పుడే ఆర్డర్ పెట్టకండి. ముందు బ్రేకు పెడల్ పైన, డాష్‌బోర్డు కింద ఉండే స్విచ్ చూడండి. ట్రాన్స్‌మిషన్ ప్రశ్నకి బ్రేకు స్విచ్ ఏంటంటారా? టార్క్ కన్వర్టర్ అంటే ఇంజన్ బలాన్ని ఆయిల్ ద్వారా గేర్లకి అందించే భాగం, లాకప్ అంటే ఆ రెంటినీ నేరుగా కలిపేయడం. ఆ లాకప్‌ని వదిలించే కాంటాక్టు ఈ స్విచ్‌లోనే ఉంది. స్విచ్ జరిగినా, అరిగినా కంప్యూటర్ మీరు బ్రేకు మీద కాలు పెట్టారనుకుని లాకప్ వేయదు. బ్రేకు లైట్ల కాంటాక్టు వేరు కాబట్టి లైట్లు మామూలుగానే పనిచేస్తాయి, ఎవరికీ అనుమానం రాదు.

సిల్వర్‌థార్న్ నుంచి ఐసెన్‌హోవర్ టన్నెల్‌కి ఎక్కే దారే తీసుకోండి. టన్నెల్ 11,000 అడుగుల పైన ఉంది. అక్కడికి చేరేసరికి టర్బో లేని ఇంజన్ బలంలో మూడో వంతు దాకా పోతుంది. లివర్ ఓవర్‌డ్రైవ్‌లో వదిలేస్తే బండి నాలుగు నుంచి మూడుకి, మళ్ళీ నాలుగుకి మారుతూనే ఉంటుంది. మారిన ప్రతిసారీ లాకప్ ఊడుతుంది. లాకప్ లేనంతసేపూ ఇంజన్ శక్తిలో కొంత కన్వర్టర్‌లో ఆయిల్‌ని చిలకడానికే ఖర్చవుతుంది, మీ 240 అక్కడ పుడుతోంది. ఎక్కుడు మొదలవకముందే గుండ్రని గీత లేని డీలోకి, అంటే మూడో గేరుకి దించేయండి. ఇందులో మూడో గేరులోనూ లాకప్ పడుతుంది. ఇంజన్ గట్టిగా అరుస్తుంది, అరవనివ్వండి.

లాకప్ పడుతోందో లేదో తెలుసుకోవడానికి షాపు అక్కర్లేదు. చదును రోడ్డు మీద, ఆయిల్ వేడెక్కాక, ఓవర్‌డ్రైవ్‌లో 55-60 మైళ్ళ వేగంతో యాక్సిలరేటర్ కదపకుండా ఉంచి ఎడమ కాలితో బ్రేకు పెడల్‌ని ముట్టుకోండి, నొక్కొద్దు. ఆర్‌పీఎం 200-300 పైకి లేస్తే లాకప్ ఉన్నట్టు. కదలకపోతే అసలు పడలేదు. ఆర్‌పీఎం లేచినా వేడి తగ్గకపోతే స్కానర్ పెట్టి పీ1870 కోడ్ ఉందేమో చూడండి. లాకప్ జారుతోందని చెప్పే కోడ్ అది, ఈ ట్రాన్స్‌మిషన్‌కి బాగా పాత జబ్బు. లాకప్‌ని నియంత్రించే చిన్న వాల్వు అల్యూమినియం రంధ్రంలో కొట్టుకుని కొట్టుకుని దాన్ని అరగదీస్తుంది, అక్కడ ప్రెషర్ లీకవుతుంది. కోడ్ పడ్డాక ఒకటి నుంచి రెండుకి మారేటప్పుడు బండి దబ్బున తన్నడం దీని గుర్తు. రంధ్రాన్ని రీమర్‌తో సాపు చేసి స్లీవ్ వేయాలి, లేదా బాగుచేసిన వాల్వ్ బాడీ మార్చాలి. సీసాల్లో అమ్మే మందులు పోస్తే అరిగిన లోహం తిరిగి రాదు.

ఇదంతా సరిగ్గా ఉంటే అప్పుడు కూలర్. పలకలు ఒకదాని మీద ఒకటి పేర్చిన స్టాక్డ్ ప్లేట్ రకమే తీసుకోండి. ట్రాన్స్‌మిషన్ నుంచి వచ్చే ఆయిల్ ముందు రేడియేటర్‌లోకి, తర్వాత కొత్త కూలర్‌లోకి, అక్కడి నుంచి వెనక్కి పోవాలి. ఈ ట్రాన్స్‌మిషన్‌లో కింది ఫిట్టింగ్ బయటికి పోయేది, పైది తిరిగి వచ్చేది. రేడియేటర్‌ని పూర్తిగా బైపాస్ చేయమని చెప్పేవాళ్ళు డెన్వర్ జనవరి చూడలేదు. అక్కడ ఆయిల్‌ని వేడెక్కించే పని కూడా రేడియేటర్‌దే.

ట్రాన్స్‌మిషన్ బాక్సులు పాడైపోయేది ఎక్కువగా ఫిట్టింగుల దగ్గరే. కేసులో ఉన్నవి పావు అంగుళం నిటారు మరలు, వాషర్‌తో సీలయ్యేవి. హార్డ్‌వేర్ షాపులో దొరికే కోసుగా ఉండే పైపు ఫిట్టింగ్ కూడా అందులో పడుతుంది, బిగించేకొద్దీ బిగుస్తుంది, అలా బిగించగా బిగించగా అల్యూమినియం కేసు చిట్లుతుంది. స్టీలు లైను కోసి రబ్బరు హోస్ తొడిగితే లైను చివర చిన్న ఉబ్బు తీసి, దాని వెనక క్లాంపు వేయండి. హోస్ ట్రాన్స్‌మిషన్ ఆయిల్‌కి చేసినదే వాడండి. పని అయ్యాక తిరుగు లైను బకెట్లో పెట్టి ఇంజన్ ఐడిల్‌లో నడిపితే 20 సెకన్లలో ఒక క్వార్ట్ (సుమారు లీటరు) రావాలి. రాకపోతే పాత కూలర్లో చెత్త అడ్డుపడింది, కొత్తది ఎంత పెద్దదైనా దండగ. ఆ క్వార్ట్ తిరిగి పోసి, లెవెల్ ఆయిల్ వేడి మీద, ఇంజన్ నడుస్తుండగా పార్క్‌లోనే చూడాలి.

ఇక బ్రేకులు. రంధ్రాల రోటర్లు, ఎర్ర రంగు కాలిపర్లు వీడియోల్లో బాగుంటాయి, మీ పెడల్‌కి వాటితో సంబంధం లేదు. పార్కింగ్ బ్రేకు సగం వేసి పెడల్ తొక్కి చూడండి. పెడల్ పైనే ఆగితే వెనక డ్రమ్ముల్లో షూలు దూరంగా ఉన్నట్టు. వీటి సెల్ఫ్ అడ్జస్టర్ మీద నాకు నమ్మకం లేదు. బ్యాకింగ్ ప్లేట్ రబ్బరు మూత తీసి స్టార్ వీల్‌ని చక్రం కొంచెం రాసుకునేదాకా తిప్పండి. డ్రమ్ము గరిష్ఠ వ్యాసం దాని మీదే పోతపోసి ఉంటుంది, అది దాటితే పారేయండి. పెడల్ మెత్తగా స్పంజిలా ఉంటే గాలి, లేదా ఉబ్బిన పాత హోసులు. సిగ్నల్ దగ్గర తొక్కి పట్టుకుంటే నెమ్మదిగా దిగిపోతే మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే బ్రేకు ఫ్లూయిడ్‌ని నెట్టేది) లోపల లీకు. కొండ మీద మాత్రమే గట్టిబడితే అది బూస్టర్, అంటే వాక్యూమ్‌తో కాలికి సాయం చేసే భాగం: అక్కడ గాలి పీడనమే తక్కువ, వాక్యూమ్ సాయం కూడా అంతే తగ్గుతుంది.

పెడల్ గట్టిగా ఉంటుందని పెద్ద బోరు మాస్టర్ సిలిండర్ వేయమంటారు కొందరు. 1 అంగుళం నుంచి 1.125కి వెళ్తే వైశాల్యం 27 శాతం పెరుగుతుంది, అదే కాలి బలానికి ప్రెషర్ 21 శాతం తగ్గుతుంది. పెడల్ గట్టిబడుతుంది, బండి ఆగడం తగ్గుతుంది.

దానికి బదులు బ్రేకు ఫ్లూయిడ్ మార్చండి. డాట్ 3 రకం ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు 401 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర మరిగేది, తేమ పట్టాక 284కే మరగొచ్చు. డాట్ 4 తడిసినా కనీసం 311 దాకా ఆగుతుంది. బ్లీడింగ్ (లైన్లలో గాలి తీయడం) వెనక కుడి, వెనక ఎడమ, ముందు కుడి, ముందు ఎడమ వరసలో చేయండి. ఏబీఎస్ పెట్టెలో గాలి దూరితే స్కానర్ లేకుండా పోదు.

ట్రైలర్‌కి సొంత ఎలక్ట్రిక్ బ్రేకులు ఉన్నాయో లేదో మీరు రాయలేదు. లేకపోతే వెనక డిస్కుల డబ్బు అటు పెట్టండి. ఉంటే ట్రైలర్ బ్రేకు కంట్రోలర్‌ని పొడి చదును రోడ్డు మీద 25 మైళ్ళ వేగంలో చేత్తో నొక్కుతూ గెయిన్ (బ్రేకు బలం) పెంచండి. ట్రైలర్ చక్రాలు లాక్ అవబోయే చోట ఆపి కాస్త వెనక్కి తిప్పండి. బరువు మారినప్పుడల్లా మళ్ళీ సర్దుకోవాలి.