తెర మీద యుద్ధం, హాల్లో సందేహాలు

‘ఘాజీ’ సినిమా వచ్చింది 2017 ఫిబ్రవరిలో. ఇప్పటికీ టీవీలో వేసినప్పుడల్లా ఉభయ గోదావరి జిల్లాల నుంచి మాకు ఉత్తరాలు వస్తాయి. సినిమా బాగుందా లేదా అన్నది వాటిలో తక్కువ, అందులో నిజమెంత అన్నదే ఎక్కువ. ఈసారి శీర్షిక మొత్తం వాటికే.

పాకిస్తాన్ సబ్‌మెరైన్‌ను మన సబ్‌మెరైన్ ముంచినట్టు సినిమాలో చూపించారు. నేవీలో చేసి రిటైరైన మా బావగారు మాత్రం ‘అదంతా ఉత్తిదే, ముంచింది ఓడ’ అని హాల్లోనే గట్టిగా అనేశారు. పక్కవాళ్లు కొట్లాటకొచ్చారు. ఎవరిది రైటు? (నరసాపురం)

బావగారిదే. మన నౌకాదళం చెప్పే ప్రకారం పీఎన్‌ఎస్ ఘాజీని ముంచింది ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ అనే పాత యుద్ధనౌక (డిస్ట్రాయర్). సినిమాలో మన సబ్‌మెరైన్ ఎస్-21 లోపల జరిగే గొడవలు, వెంటాడటాలు, టార్పెడోల ద్వంద్వ యుద్ధం కల్పన. ఘాజీ విశాఖ దగ్గరకు రావడం, దాని గురి మన విమాన వాహక నౌక విక్రాంత్ మీద ఉండటం, 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక అది మునిగిపోవడం నిజం.

అసలు కథ సినిమా కంటే రసవత్తరం అని మా అభిప్రాయం. విక్రాంత్ బాయిలర్లలో ఒకటి పగులిచ్చింది, పూర్తి వేగం అందుకోలేదు. దాన్ని చప్పుడు చేయకుండా అండమాన్‌కు పంపేశారు. విశాఖలో మాత్రం అది ఉన్నట్టే నాటకం నడిపించారు తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్. పెద్ద ఓడకు సరిపడా కూరగాయలు, మాంసం బజార్లో ఆర్డరిచ్చారు. రాజ్‌పుత్‌ను సముద్రంలోకి పంపి, విమాన వాహక నౌక పంపినంత జోరుగా వైర్‌లెస్ సందేశాలు పంపించారు. విక్రాంత్ మీదున్న నావికుడు తల్లి ఆరోగ్యం గురించి అడిగినట్టు, రహస్య సంకేతాలేమీ లేని మామూలు సందేశం ఒకటి వదిలారు. శత్రువు విని నమ్మాలనే.

ఆ రాత్రి రాజ్‌పుత్ రేవు దాటగానే నీళ్లలో ఏదో కదలిక కనిపించింది. కెప్టెన్ రెండు డెప్త్ ఛార్జీలు (నీళ్ల లోతులో పేలే బాంబులు) వేయించి ముందుకు సాగిపోయాడు. కాసేపటికి వచ్చిన పేలుడుకు బీచి రోడ్డు ఇళ్ల కిటికీ అద్దాలు గడగడలాడాయి. సముద్రంలో తేలుతున్న శకలాలు తర్వాత జాలర్ల కంటబడ్డాయి. ఘాజీలో ఉన్నవాళ్లెవరూ బతకలేదు.

మీ బావగారితో వాదించాలనుకుంటే ఒక్క పాయింటు ఉంది. ఘాజీ తాను పేర్చిన మైనుల (సముద్రంలో అమర్చే మందుపాతరల) వల్లే పేలిందని పాకిస్తాన్ వాదన. శకలం ముందు భాగం లోపలి నుంచి పేలినట్టుందని, బ్యాటరీలు ఛార్జి చేసేటప్పుడు వచ్చే హైడ్రోజన్ కారణం కావచ్చని అనేవాళ్లూ ఉన్నారు. గాలిలో హైడ్రోజన్ 4 శాతం చేరితే చిన్న నిప్పురవ్వ చాలు, అంటుకుంటుంది. కాబట్టి మునిగిందన్నదాంట్లో తగాదా లేదు, ఎలా అన్నదాంట్లోనే ఉంది.

సబ్‌మెరైన్ లోతుకు దిగే సీనులో గోడలు కిర్రుమంటాయి, బోల్టులు తూటాల్లా ఎగురుతాయి. మా హాల్లో ఒక్కరు కూడా ఊపిరి తీసుకోలేదు. నిజంగా అలాగే ఉంటుందా? (అమలాపురం, డిగ్రీ విద్యార్థి)

కిర్రుమనడం నిజం. ప్రతి 10 మీటర్ల లోతుకూ చదరపు సెంటీమీటరు మీద దాదాపు ఒక కిలో బరువు పెరుగుతుంది. 100 మీటర్ల దగ్గర చదరపు మీటరు మీద 100 టన్నులు పడతాయి. పది టన్నుల ధాన్యం లారీలు పదింటిని ఒక టీ బల్ల మీద పేర్చినట్టు. ఆ ఒత్తిడికి ఉక్కు పొట్ట కొద్దిగా నొక్కుకుంటుంది. లోపల ఈ గోడ నుంచి ఆ గోడకు బిగుతుగా దారం కడితే, దిగేకొద్దీ అది వదులై వేలాడుతుంది. ఈ సీను పెట్టి ఉంటే బోల్టుల కంటే భయంగా ఉండేది.

ఘాజీ అమెరికా కట్టిన టెంచ్ తరగతి సబ్‌మెరైన్. దానికి నిర్ణయించిన లోతు 400 అడుగులు, అంటే సుమారు 122 మీటర్లు. అది దాటితే ముందు ఇబ్బంది పెట్టేవి పైపు జాయింట్లు, వాల్వులు, హ్యాచ్ సీళ్లు. అక్కడ చిన్న చీలిక వచ్చినా నీరు కారదు, మనిషిని పడగొట్టే ధారగా కొడుతుంది. తూటాల్లా ఎగిరే బోల్టులు దర్శకుల ముచ్చట.

మీలాంటి వాళ్లకు ఇంకో సరదా లెక్క. సోనార్ (నీళ్లలో శబ్దం పంపి, ప్రతిధ్వనిని బట్టి దూరం కనిపెట్టే పరికరం) ‘పింగ్’ కొట్టిన క్షణం నుంచి ప్రతిధ్వని వచ్చేదాకా సెకన్లు లెక్కపెట్టండి. నీళ్లలో శబ్దం సెకనుకు సుమారు 1500 మీటర్లు పోతుంది, పోయి రావాలి కాబట్టి సెకన్లను 750తో గుణిస్తే దూరం. రెండు కిలోమీటర్ల అవతల ఉందన్న ఓడ నుంచి అర సెకనులో జవాబొస్తే ఆ సీనులో లెక్క తప్పినట్టే. అసలు దాక్కున్న సబ్‌మెరైన్ పింగ్ కొట్టడమే అరుదు. కొడితే తన జాడ తానే చెప్పుకున్నట్టు.

మా ఊరి హాల్లో యుద్ధం సినిమా చూస్తే మాటలు వినపడవు, బాంబు పడితే గుండెలదురుతాయి. ఆపరేటర్‌ని అడిగితే ‘పెంచితే స్పీకర్లు పోతాయండి’ అంటాడు. తప్పు సినిమాదా, హాలుదా? (పాలకొల్లు)

చాలాసార్లు హాలుదే. ప్రొజెక్షన్ గదిలో సౌండ్ ప్రాసెసర్‌కు ఫేడర్, అంటే శబ్దం పెంచే తగ్గించే మీట ఉంటుంది. మిక్సింగ్ చేసేవాళ్లు దాన్ని 7 దగ్గర పెట్టుకుని సినిమాను తూచి చేస్తారు. ప్రకటనలు మరీ హోరుగా ఉంటాయని ఆపరేటర్ దాన్ని 4.5, 5కి దించుతాడు. సినిమా మొదలయ్యాక తిరిగి పెంచడం మరిచిపోతాడు. మామూలు సినిమాలో ఇది తెలియదు. సబ్‌మెరైన్‌లో గుసగుసలాడే సినిమాలో మాత్రం ఆ మాటలు ఏసీ హోరులో కలిసిపోతాయి, పేలుళ్లు మాత్రం అంత దించినా వినిపిస్తూనే ఉంటాయి.

రెండో కారణం మధ్య స్పీకర్. డైలాగులు దాదాపు అన్నీ తెర వెనక మధ్యలో ఉండే స్పీకర్ నుంచే వస్తాయి. అందులో పై స్వరాలు పలికించే హార్న్ డ్రైవర్ పోతే ‘స’, ‘చ’, ‘త’ నలిగిపోయి, ఎవరో నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని మాట్లాడుతున్నట్టుంటుంది. పరీక్ష సులువు. సినిమాకు ముందు వేసే పొగాకు హెచ్చరికలో కూడా మాటలు మొద్దుగా ఉంటే స్పీకర్ తేడా. అది స్పష్టంగా ఉండి సినిమాలోనే వినపడకపోతే ఫేడర్ చూడమనండి. ‘సౌండ్ పెంచండి’ అని అరిస్తే ఆపరేటర్ పెంచడు. ‘ఫేడర్ ఎంతలో ఉంది, మధ్య హార్న్ పనిచేస్తోందా?’ అని మేనేజర్‌ని ఇంటర్వెల్లో అడగండి, తెలిసినవాడు అడిగాడని కదులుతాడు.

సీటు కూడా ముఖ్యం. తెర నుంచి వెనక గోడకు ఉన్న దూరంలో మూడింట రెండు వంతుల దగ్గర, నడుమ కూర్చోండి. బాల్కనీ కింద చివరి వరుసలు వద్దు, పైకప్పు అడ్డుపడి మాటల పదును పోతుంది. చంటిపిల్లలతో వెళ్తే చెవిలో దూది పెట్టి ఊరుకోకండి, దూది పేలుడు శబ్దాన్ని పెద్దగా ఆపదు. చెవులను పూర్తిగా మూసే పిల్లల ఇయర్ మఫ్స్ దొరుకుతాయి. ఇంకా మంచిది, పోస్టర్ మీద సెన్సార్ వాళ్ల వయసు ముద్ర యూఏ 7+, 13+, 16+ లలో ఏది వేశారో చూసుకుని చంటాణ్ణి అమ్మమ్మ దగ్గర వదిలి రావడం.

మా మావయ్యగారు 1971లో సైన్యంలో ఉన్నారు. ముచ్చటపడతారని యుద్ధం సినిమాకు తీసుకెళ్తే, సగంలో లేచి బయటకెళ్లిపోయారు. ఆ రాత్రంతా నిద్ర లేదు. మేమేమైనా తప్పు చేశామా? (తాడేపల్లిగూడెం)

ఇంటింటికీ సైనికుడని పేరున్న మాధవరం మీ పక్కనే కదా, అడిగితే ఇలాంటివి చెప్పేవాళ్లు దొరుకుతారు. సినిమా చూసి ఈల వేసేవాడికీ, ఆ చప్పుడు నిజంగా విన్నవాడికీ హాల్లో కుర్చీ ఒకటే, లోపల జరిగేది వేరు. మాటల కంటే శబ్దం, పొగ, గాయపడ్డవాడి కేక ఎక్కువ కదిలిస్తాయి.

ఈసారి తీసుకెళ్లాలనుకుంటే ముందే కథ చెప్పి, వస్తారా అని అడగండి. తలుపు పక్కన, నడవ చివరి సీటు తీసుకోండి. లేస్తే ఒకరు వెంట వెళ్లండి, ‘ఏమైంది?’ అని గుచ్చకండి, టీ తాగించి ఇంటికి తెచ్చేయండి. చెప్పాలనుకుంటే ఆయనే చెబుతారు. పిల్లలచేత ‘తాతయ్యా, ఎంతమందిని కాల్చావు?’ అని మాత్రం అడిగించకండి. నిద్ర పట్టకపోవడం, ఉలిక్కిపడటం, పీడకలలు నెల దాటినా తగ్గకపోతే మానసిక వైద్యుడికి చూపించాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. ఆయనకు ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల ఆరోగ్య పథకం) కార్డుంటే పాలీక్లినిక్ నుంచి రిఫరల్ తీసుకోండి.

సినిమాలో జనగణమన వస్తే లేవలేదని మా వాణ్ణి వెనకవాళ్లు తిట్టారు. చట్టం ఏమంటుంది? (రావులపాలెం)

కథలో భాగంగా వచ్చినప్పుడు లేవనక్కర్లేదని సుప్రీంకోర్టు 2017 ఫిబ్రవరి 14న స్పష్టం చేసింది. ‘ఘాజీ’ విడుదలకు మూడు రోజుల ముందు! సినిమా మొదలయ్యే ముందు గీతం వేయడం కూడా 2018 జనవరి నుంచి హాలు ఇష్టం. అయితే అలా వేస్తే లేచి నిలబడాలి. సినిమా మధ్యలో లేస్తే వెనకవాడికి తెర కనిపించదు, అంతే.

కాకినాడ మీద కూడా బాంబులు పడ్డాయంటారు. నిజమేనా? మరి సినిమా ఎందుకు రాలేదు? (కాకినాడ)

నిజమే. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమాన వాహక నౌక రియూజో నుంచి లేచిన విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. సినిమా మాటకొస్తే, ఒక్కరోజు దాడి, ఎదురు కాల్పులు పెద్దగా లేవు, హీరోకు చేయడానికి పని లేదు. ఊరు వదిలి పారిపోయే జనం గురించి తీస్తే బాగుంటుంది, కానీ అలాంటి దానికి డబ్బు పెట్టేవాళ్లు తక్కువ.

మా బడి పిల్లలు ‘ఘాజీ’ చూసి అసలు సబ్‌మెరైన్ చూస్తామంటున్నారు. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి? (రాజోలు, ఉపాధ్యాయురాలు)

విశాఖ ఆర్‌కే బీచిలో ఐఎన్‌ఎస్ కుర్సురా ఉంది. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, 2002 నుంచి మ్యూజియంగా ఉంది. 91 మీటర్ల పొడవు, ఏడు గదులు, గది నుంచి గదికి గుండ్రటి ఇరుకు దారి. మోకాళ్ల నొప్పులున్న టీచర్లు బయటే ఉండటం మేలు. బ్యాగులు, క్యారేజీలు బస్సులో వదిలేయండి, పదిమంది చొప్పున పంపండి, లేకపోతే దారి దగ్గర ఇరుక్కుపోతారు. బయలుదేరే ముందు వేళలు, సెలవు రోజు ఫోన్ చేసి కనుక్కోండి. ముందు వైపు టార్పెడో గొట్టాలు ఆరు, వెనక నాలుగు, పిల్లలచేత లెక్కపెట్టించండి. అంత ఇరుకులో డెబ్బై మందికి పైగా ఎక్కడ పడుకునేవారో వాళ్లనే వెతకమనండి. అక్కడి నుంచి నడిచి వెళ్లేంత దూరంలోనే 1971 యుద్ధ స్మారకం ‘విక్టరీ ఎట్ సీ’ ఉంది, అదీ చూపించండి.