ఆమెను ఓడ ఎక్కించకు

చిరంజీవికి ఆశీస్సులు.

అమెరికా నావికాదళంలో వాతావరణ శాస్త్రవేత్తగా పనిచేసిన ఫ్లోరెన్స్ వాన్ స్ట్రాటెన్ మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటి పేజీలోనే ఆమెను పసిఫిక్ సముద్రంలో ఓడ డెక్ మీద నిలబెట్టావు. జుట్టు ఎగురుతోంది, కెరటాలు తాటిచెట్టంత లేస్తున్నాయి. సినిమాకైతే బాగుందమ్మా. కానీ రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఆమె పని చేసింది వాషింగ్టన్‌లో, నావికాదళ ఆఫీసులో, కాగితాల మధ్య.

ఇదే తప్పు నేనూ చేశాను. 1977 దివిసీమ ఉప్పెన మీద కథ రాస్తూ, చూడని కెరటాన్ని మూడు పేజీలు వర్ణించాను. ఆ ప్రాంతం నుంచి ఒకాయన కార్డుముక్క రాశాడు: ‘అయ్యా, తమరు ఆ రోజు అక్కడ లేరు కదా!’ అంతే. సంతకం కూడా లేదు.

ఆఫీసులో ఆమె బల్ల దగ్గరే కూర్చో కాసేపు. ఫ్రంట్ అంటే ఏమిటో మన పాఠకుడికి చెప్పనేలేదు నువ్వు. చల్లగాలీ వెచ్చగాలీ ఎదురుపడే హద్దు అది. అక్కడ మబ్బు దట్టంగా కమ్ముతుంది, వాన పడుతుంది. ఆ మబ్బు చాటున విమానవాహక నౌక ముందుకు సాగితే శత్రు విమానానికి కనబడదు. కానీ తన విమానాలు లేవాలంటే మాత్రం తెరిపి కావాలి. మబ్బులో ఎంతసేపు ఉండాలి, ఎప్పుడు బయటపడాలి? పసిఫిక్ పోరాటాల్లో వాతావరణం ఇలా ఎక్కడెక్కడ అక్కరకొచ్చిందో విశ్లేషించడం ఆమె పని. దీనికి మించిన ఉత్కంఠ కెరటాల్లో ఉందంటే నేను ఒప్పుకోను.

1944 డిసెంబర్ తుఫానులో అమెరికా డిస్ట్రాయర్లు మూడు మునిగాయి, దాదాపు 790 మంది పోయారు. అది నిజం. ఆమె ముందే హెచ్చరించినా అడ్మిరల్ వినలేదని రాశావే, అది ఎక్కడ చదివావు? ఆధారం ఉంటే చూపించు, లేకపోతే కొట్టెయ్.

నీ వ్యాసంలో అసలైన చోటు నాలుగో పేజీలో ఉంది. ఒక్క వాక్యంలో దాటేశావు. ఆ పిల్ల రచయిత్రి కావాలనుకుంది! రాతలతో పొట్ట గడవదేమోనని తండ్రి ఇంకో చదువు కూడా చదవమన్నాడు. అలా న్యూయార్క్ యూనివర్సిటీలో ఇంగ్లీషు పక్కన కెమిస్ట్రీ వచ్చి చేరింది. పాఠం చెప్పాల్సిన మనిషికి జబ్బు చేస్తే ఆ క్లాసు ఈమె తీసుకుంది. 1939కల్లా కెమిస్ట్రీలో డాక్టరేట్. 1942లో నావికాదళం ఆడవాళ్ళ కోసం వేవ్స్ విభాగం పెట్టగానే చేరితే, వాతావరణం నేర్చుకోమని ఎం.ఐ.టి.కి పంపారు. మీ నాన్న నిన్ను బీ.ఎడ్. చెయ్యమన్నప్పుడు ఎంత గొడవ చేశావో గుర్తుందా? ఆ ఉడుకుమోతుతనంతో రాయి ఈ భాగం.

యుద్ధం తర్వాతి సంగతులు క్లుప్తంగా చాలు. 1958 నాటి మబ్బు ప్రయోగం మాత్రం వదలకు. కార్బన్ బ్లాక్ అని ఊరుకోకుండా మసిపొడి అను. విమానంలోంచి చల్లిన మసి ఎండవేడిని పీల్చుకుని మబ్బులోని నీటిబొట్లను ఆవిరి చేస్తుంది. కుండ అడుగున మసి గీకినవాళ్ళకి ఇది చప్పున అర్థమవుతుంది.

‘ఏరాలజీ’ అనే మాట ఉంచు. వాతావరణ శాస్త్రానికి వాళ్ళ నావికాదళంలో వాడిన మాటే అది.

ఈసారి టైపు చేసి పంపు, అక్షరాలు కాస్త పెద్దవి పెట్టు. కుడికంటికి ఆపరేషన్ వచ్చే నెలలో.