పాయసం వండాలా వద్దా?

ప్రశ్న: నమస్తే సార్. మాది చీరాల. మా అబ్బాయి హైదరాబాద్‌లో ఒక గేమ్ స్టూడియోలో నాలుగేళ్లుగా ఆర్టిస్టు. వాళ్ల గేమ్‌కు డబ్బు పెట్టే అమెరికా పబ్లిషర్ విడిపోయాడట. నాకు రెండు రోజులుగా నిద్ర లేదు. వాడేమో నవ్వుతున్నాడు. "బంజీ వాళ్లు యాక్టివిజన్‌తో విడిపోయిన రోజు షాంపేన్ పొంగించారమ్మా, నువ్వు పాయసం వండు" అంటాడు. ఎవరా బంజీ వాళ్లు? వండమంటారా?
- ఒక తల్లి, చీరాల

జవాబు: అమ్మా, బియ్యం కడిగే ముందు మీ వాడిని ఒక్క మాట అడగండి. గేమ్ ఎవరి పేరున ఉంది? మన సినిమావాళ్లు నెగిటివ్ రైట్స్ అంటారే, అవి ఎవరివి? దాన్నిబట్టే పాయసం.

బంజీ అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలోని స్టూడియో. 2000లో మైక్రోసాఫ్ట్ దాన్ని కొంది. ఆ తర్వాత ఏడాదే హేలో గేమ్ వచ్చి వాళ్ల పేరు మోగిపోయింది. 2007లో బంజీ మళ్లీ సొంత కాపురం పెట్టుకుంది గానీ హేలో మాత్రం మైక్రోసాఫ్ట్ దగ్గరే ఉండిపోయింది. కాసే చెట్టును పరాయి దొడ్లో వదిలి వచ్చినట్టు. అందుకేనేమో, 2010లో యాక్టివిజన్ అనే పెద్ద పబ్లిషర్‌తో పదేళ్ల ఒప్పందం రాసుకున్నప్పుడు కొత్త గేమ్ డెస్టినీ హక్కులు తమ దగ్గరే పెట్టుకున్నారు.

ఆ ఒప్పందం 2012లో ఇంకెవరిదో కేసులో కోర్టుకెక్కి బయటపడింది. అందులో ఒక షరతు చూసి నవ్వుకున్నాను: మొదటి గేమ్‌కు రివ్యూల సగటు కనీసం 90 మార్కులు వస్తే 25 లక్షల డాలర్ల బోనస్. 2014లో గేమ్ వచ్చింది, 90 రాలేదు. మార్కుల గోల మన ఇంటర్ పిల్లలకే అనుకున్నాను.

2018 సెప్టెంబరులో డెస్టినీ 2కి ఫర్‌సేకెన్ అనే పెద్ద భాగం వచ్చింది. అది అనుకున్నంత వ్యాపారం చేయలేదని నవంబరులో యాక్టివిజన్ తన పెట్టుబడిదారులకు చెప్పింది. మాకేం నిరాశ లేదని గేమ్ డైరెక్టర్ బయటికే అనేశాడు. ఇంట్లో గొడవ వీధిలో పడ్డాక ఇక ఎన్నాళ్లు? 2019 జనవరి 10న విడిపోతున్నట్టు ప్రకటించారు. గేమ్ బంజీతోనే వచ్చేసింది. షాంపేన్ సంగతి అప్పట్లో వార్తల్లో నేనూ చదివాను, మీ వాడు కల్పించింది కాదు.

వాడు మీకు చెప్పని మాట ఒకటుంది. అంతకు ఆరేడు నెలల ముందే, 2018 జూన్‌లో, చైనా కంపెనీ నెట్‌ఈజ్ బంజీలో 10 కోట్ల డాలర్లు పెట్టింది. జీతాలకు డబ్బు చేతిలో ఉన్నవాడు షాంపేన్ పొంగిస్తే అందమే.

మీ వాడి స్టూడియో సంగతి వేరు కావచ్చు. మన దగ్గర చాలా స్టూడియోలు చేసేది జాబ్ వర్క్. చీరాలలో ఉంటారు కాబట్టి మీకు చిటికెలో తెలుస్తుంది: మాస్టర్ వీవర్ నూలిస్తాడు, డిజైన్ ఇస్తాడు, నేత మీది, చీర ఆయనది. ఆయన నూలు ఆపితే మగ్గం ఖాళీ. సొంత గేమ్ అయినా పబ్లిషర్ డబ్బు ఒక్కసారిగా ఇవ్వడు. ఇంత పని చూపిస్తే ఇంత అని వాయిదాలు. దాన్నే మైల్‌స్టోన్ అంటాం. గేమ్ అమ్ముడుపోయాక ముందు తన అడ్వాన్స్ రాబట్టుకుని, ఆ తర్వాతే స్టూడియోకు వాటా ఇస్తాడు.

నేనూ ఇలాగే పడ్డవాణ్ణే. మాదాపూర్‌లో ఒక చిన్న స్టూడియోలో ఉండగా తొమ్మిది నెలలు గేమ్‌లో ఒకే ఊరికి తలుపుల బొమ్మలు చేశాను. తుప్పు పట్టిన తలుపు, గొళ్లెం ఊడిన తలుపు, కుక్క గీకిన తలుపు. కుక్క గోళ్ల గీతలు మరీ తిన్నగా ఉన్నాయని పబ్లిషర్ తరఫువాళ్లు మూడుసార్లు వెనక్కి పంపారు. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కుక్కను చూసి మళ్లీ గీశాను. శుక్రవారం మైల్‌స్టోన్ పంపించి బిర్యానీ తెప్పించుకున్నాం. సోమవారం మెయిల్ వచ్చింది: ప్రాజెక్టు ఆపేశాం, ధన్యవాదాలు. మా బాస్ "ఏం టెన్షన్ పడకండి" అన్నాడు. రెండు నెలల జీతం అయిదు నెలలకు వచ్చింది.

హక్కులు చేతిలో ఉంటే నిలబడ్డవాళ్లు లేకపోలేదు. డెన్మార్క్‌లోని ఐవో ఇంటరాక్టివ్ స్టూడియోను 2017 మేలో దాని యజమాని స్క్వేర్ ఎనిక్స్ వదిలించుకుంది. చాలామంది ఉద్యోగాలు పోయాయి. కానీ జూన్‌లో వాళ్ల గేమ్ హిట్‌మన్ హక్కులతో సహా కంపెనీ అక్కడివాళ్ల చేతికే వచ్చింది. 2021లో హిట్‌మన్ 3ని వాళ్లే విడుదల చేసుకున్నారు. బంజీ మాత్రం ఎక్కువ కాలం ఒంటరిగా లేదు. 2022లో 360 కోట్ల డాలర్లకు సోనీ కొనేసింది. 2024 జులైలో ఒక్క దెబ్బకు 220 మందిని పంపేశారు. మీ వాడు షాంపేన్ దగ్గరే కథ ఆపేశాడు.

కాబట్టి వాడిని ఈ వారమే కనుక్కోమనండి: ఆఖరి మైల్‌స్టోన్ డబ్బు వచ్చిందా, ఇంకెన్ని నెలల జీతానికి సరిపడా ఉంది, వేరే ప్రాజెక్టు ఏదైనా నడుస్తోందా. సొంత గేమ్ అయి, ఆరు నెలల డబ్బుంటే పాయసంలో జీడిపప్పు కూడా వేయండి. ఇంకో సంగతి, వాడు వేసిన బొమ్మలు తన పోర్ట్‌ఫోలియోలో, అంటే కొత్త ఉద్యోగానికి చూపించే పనుల ఆల్బమ్‌లో, చూపించుకోవడానికి అనుమతి కాగితం మీద తీసుకోమనండి. ఆఫీసు తలుపు మూతపడ్డాక సంతకం పెట్టేవాడు దొరకడు. నా తొమ్మిది నెలల తలుపుల్లో ఒక్కటి కూడా ఇప్పటికీ ఎవరికీ చూపించలేను.

ప్రశ్న: పబ్లిషర్ మారితే మనం డబ్బు పెట్టి కొన్న గేమ్ పోతుందా అన్నా?
- డిగ్రీ విద్యార్థి, నిజామాబాద్

జవాబు: మామూలుగా పోదు తమ్ముడూ, కానీ మెయిల్స్ చదవాలి. డెస్టినీ 2 పీసీలో యాక్టివిజన్ వాళ్ల ఆన్‌లైన్ గేమ్ దుకాణం బ్యాటిల్‌నెట్ మీద ఉండేది. బంజీ విడిపోయాక, 2019 అక్టోబరులో స్టీమ్ అనే ఇంకో దుకాణానికి మారింది. ఖాతా కలుపుకున్నవాళ్ల పాత్రలు, కొన్న భాగాలు అన్నీ వెంట వచ్చాయి. అసలు చిక్కు తర్వాత వచ్చింది. 2020 నవంబరులో, మొదట్లో డబ్బులిచ్చి కొన్న రెడ్ వార్ కథనే బంజీ గేమ్‌లోంచి తీసేసింది. అప్పటికి నింద వేయడానికి పబ్లిషర్ కూడా లేడు.