డీజిల్ ఫిల్టర్ మార్చాక పాత లారీ స్టార్ట్ కావడం లేదు, ఇంట్లోనే సరిచేసుకోవచ్చా?

టాటా 1210 వంటి పాత బండి అయితే నిస్సందేహంగా చేసుకోవచ్చు. సెల్ఫ్ తిరుగుతున్నా ఇంజను అందుకోవడం లేదంటే, చాలావరకు డీజిల్ లైనులో గాలి చేరినట్టే. ఇంజనులోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ తెరుచుకోవాలంటే దాదాపు 200 బార్ ఒత్తిడి కావాలి. మధ్యలో గాలి ఉంటే పంపు ఎంత నెట్టినా ఆ గాలి నొక్కుకుపోతుందే తప్ప డీజిల్ ముందుకు కదలదు.

ఫిల్టర్ తలపై ఉన్న గాలి వదిలే స్క్రూను కాస్త వదులు చేసి, ట్యాంకు నుంచి డీజిల్ లాగే ఫీడ్ పంపు పక్కనున్న చేతి పంపును కొడుతూ ఉండండి. మొదట తెల్లటి నురగ వస్తుంది, తర్వాత బుడగలు, చివరికి నిండుగా డీజిల్. ధార ఆగకుండా వస్తున్నప్పుడే స్క్రూ బిగించాలి. ఇంజెక్టర్లకు డీజిల్ నెట్టే ఇంజెక్షన్ పంపు మీది స్క్రూ దగ్గరా ఇదే పని. ఈలోగా సెల్ఫ్ కొట్టి బ్యాటరీని చంపకండి.

మర్నాడు మళ్లీ మొరాయిస్తే? ట్యాంకుకూ ఫీడ్ పంపుకూ మధ్య ఎక్కడో గాలి పీలుస్తోంది. అక్కడ డీజిల్ బయటికి కారకపోవచ్చు కాబట్టి తడి కోసం వెతికితే దొరకదు. క్యానులో శుభ్రమైన డీజిల్ పోసి, వేరే గొట్టంతో నేరుగా ఫీడ్ పంపుకు ఇచ్చి చూడండి. బండి బాగా నడిస్తే తప్పు ట్యాంకు వైపు లైనుదే. లైను అతుకుల్లో పాత రాగి వాషర్లనే తిరిగి వేసి ఉంటే ముందు వాటిని మార్చండి. రూపాయల్లో పోయే పని.

కామన్ రైల్ ఇంజనుపై (అన్ని ఇంజెక్టర్లకూ ఒకే అధిక ఒత్తిడి గొట్టం నుంచి డీజిల్ అందే కొత్త రకం) మాత్రం ఈ ప్రయోగం వద్దు. నడుస్తుండగా అక్కడి ఒత్తిడి 1,000 బార్ దాటుతుంది; పైపు వదులు చేస్తే డీజిల్ చర్మంలోకే దూసుకుపోతుంది.