వాచీల ప్రశ్నోత్తరాలు: పాత మూన్‌వాచా, కొత్త మూన్‌వాచా?

ప్రశ్న: ఒమేగా స్పీడ్‌మాస్టర్ మూన్‌వాచ్ కొనాలని డబ్బు కూడబెట్టాను. 1861 నంబరు మెషీన్ ఉన్న పాత మోడల్ ఒకటి పెట్టె, కార్డులతో సహా అమ్మకానికి ఉంది. 2021 నుంచి వస్తున్న 3861 నంబరు మెషీన్ మోడల్ షోరూంలో దొరుకుతోంది. "అసలుది పాతదే, కొత్తదానికి ఆ కళ లేదు" అంటున్నారు స్నేహితులు. రోజూ ఆఫీసుకు పెట్టుకుంటాను. ఏది కొనమంటారు?
– కె.ఎస్., విజయవాడ

జవాబు: రోజూ పెట్టుకునేట్టయితే కొత్తదే కొనండి. ముందు "అసలుది" అన్న మాట సంగతి చూద్దాం. 1969లో చంద్రుడి మీదికి వెళ్లిన స్పీడ్‌మాస్టర్లలో ఉన్నది 321 మెషీన్. 1968లో దాని స్థానంలో 861 వచ్చింది. 1990ల్లో ఆ 861కే రాగిరంగు పూత తీసేసి, రోడియం పూత వేసి 1861 అన్నారు. అంటే మీ స్నేహితులు అసలుది అంటున్నది కూడా మారుతూ వచ్చిన వాచీయే. ఇక రూపం దగ్గరికొస్తే కొత్తదే చంద్రుడి మీది వాచీకి దగ్గరగా ఉంటుంది. డయల్ అంచున మెట్టులా దిగే వాలు, బెజెల్ (డయల్ చుట్టూ ఉండే అంకెల రింగు) మీద 90 అంకెకు పక్కన కాకుండా పైన ఉండే చుక్క, ఈ రెండూ ఆనాటి వాచీల్లో ఉన్నవే. 1861కి ఇవి లేవు.

షోరూంలో భూతద్దం అడిగి డయల్ అంచు గీతలు చూడండి. పాతదాంట్లో సెకనును 5 భాగాలు చేశారు. సెకనుకు 5 సార్లు కొట్టే 321కి అది సరిగ్గా సరిపోయేది. 861, 1861 సెకనుకు 6 సార్లు కొడతాయి, కాబట్టి ముల్లు చాలాసార్లు గీతల మధ్యే ఆగుతుంది. కొత్తదీ 6 సార్లే కొడుతుంది, దాంట్లో సెకనుకు 3 భాగాలు పెట్టి ఈ లెక్క సరిచేశారు.

చేతికి తెలిసే తేడా మాత్రం బ్రేస్‌లెట్‌లోనే. రెండు బ్రేస్‌లెట్లూ కేసు దగ్గర 20 మిల్లీమీటర్ల వెడల్పే. పాతది క్లాస్ప్ (బిగించే కొక్కెం) దగ్గరికి వచ్చేసరికి 18కి తగ్గుతుంది, కొత్తది 15కి. చిన్న తేడాలా కనిపిస్తుంది గానీ, రోజంతా కీబోర్డు మీద మణికట్టు ఆనించేవాళ్లకు అదే పెద్ద సుఖం.

మెషీన్ సంగతి. కొత్తదాంట్లో హెయిర్‌స్ప్రింగ్ (వాచీ వేగాన్ని నిలిపే సన్నటి చుట్టల స్ప్రింగు) సిలికాన్‌ది, దానికి అయస్కాంతం పట్టదు. వాచీని 15,000 గాస్‌ల అయస్కాంత క్షేత్రంలో పరీక్షించి, రోజుకు 0 నుంచి +5 సెకన్లలోపు నడుస్తుందని మెటాస్ (స్విట్జర్లాండ్ ప్రభుత్వ కొలతల సంస్థ) సర్టిఫికెట్ ఇస్తారు. అయస్కాంతాన్ని తట్టుకుంటాయని చెప్పే వాచీలకు వర్తించే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 764 అడిగేది సుమారు 60 గాస్‌లే. క్రౌన్ (కీ తిప్పే గుండీ) లాగితే సెకన్ల ముల్లు ఆగుతుంది కాబట్టి టైము సెకనుతో సహా కలపొచ్చు. 1861లో అది ఆగదు. కీ నిలిచే సమయం 48 గంటల నుంచి 50కి పెరిగింది. దాన్ని లెక్కలోకి తీసుకోకండి, రెంటికీ పొద్దున్నే కీ ఇవ్వాల్సిందే. నీటి విషయంలోనూ మార్పు లేదు, రెండూ 50 మీటర్లవే. క్రౌన్ మరతో బిగిసేది కాదు, పైగా రోజూ తిప్పుతాం, అందుకని దాని రబ్బరు సీలు అరుగుతుంది. ఈత కొలనులోకి రెండూ వద్దు.

పాతదానికి ఉన్న అసలు బలం రిపేరు. క్రోనోగ్రాఫ్‌లు (స్టాప్‌వాచ్ ఉన్న వాచీలు) తెలిసిన మంచి మెకానిక్ ఎవరైనా 1861ని విప్పి బిగించగలడు. 3861లోని కో-ఆక్సియల్ ఎస్కేప్‌మెంట్‌కు (చక్రాలను కొట్టుకొట్టుకూ వదిలే భాగానికి) నూనె పెట్టడం వేరే పని. అది నేర్చుకోనివాళ్ల చేతికి ఇవ్వకూడదు.

మీ మనసు పాతదాని మీదే ఉంటే ధర ఇలా తేల్చండి. చివరి సర్వీసుకు రసీదు లేకపోతే సర్వీసు జరగలేదనే అనుకోండి. క్రోనోగ్రాఫ్ సర్వీసు ఖర్చు ఎంతో అడిగి, దాన్ని ధరకు కలపండి. అప్పటికీ తేడా గట్టిగా మిగిలితేనే బేరం. తర్వాత లగ్గులు (బ్రేస్‌లెట్ తగిలించే కేసు కొమ్ములు) చూడండి. సన్నటి గీతలతో మసకగా ఉండే ఉపరితలం, మెరిసే ఉపరితలం కలిసే చోట గీత బ్లేడు అంచంత పదునుగా ఉండాలి. గుండ్రబడిందంటే పాలిష్ చేయించారన్నమాట, పోయిన లోహం తిరిగి రాదు. లగ్గు వెనక చెక్కిన నంబరు, కార్డు మీది నంబరు ఒకటేనా చూడండి. క్రోనోగ్రాఫ్‌ను అరగంటకు పైగా నడిపి, ఆపి, సున్నాకు తెస్తే మూడు ముళ్లూ నిట్టనిలువుగా 12 వైపు నిలవాలి. స్టార్ట్ బటన్ నొక్కగానే పెద్ద ముల్లు చిన్నగా ఎగిరినట్టు కనిపిస్తే కంగారు పడకండి, పళ్లచక్రాలు పక్కనుంచి వచ్చి కలుసుకునే ఏర్పాటులో అది మామూలే. చివరిగా పూర్తిగా కీ ఇచ్చి టైమ్‌గ్రాఫర్ (వాచీ నడకను కొలిచే యంత్రం) మీద పెట్టించండి. దాంట్లో లిఫ్ట్ యాంగిల్ అనే అంకెను 50 డిగ్రీలకు సెట్ చేయమనండి, తప్పుగా పెడితే ఆంప్లిట్యూడ్ (బ్యాలెన్స్ చక్రం ఎన్ని డిగ్రీలు ఊగుతుందో చెప్పే లెక్క) తప్పు చూపిస్తుంది. డయల్ పైకి ఉన్నప్పుడు 270కి పైన ఉంటే ఆరోగ్యమే. క్రోనోగ్రాఫ్ నడుస్తుంటే 20, 30 డిగ్రీలు పడిపోవడం సహజం. 220కి దిగితే సర్వీసు ఖాయం.

ప్రశ్న: నా మూన్‌వాచ్ హెసలైట్ అద్దం మీద గీతలు పడ్డాయి. సఫైర్ వేయించుకోవచ్చా?
– ఎం.ఆర్., వరంగల్

జవాబు: వేయించకండి. గీతలు అంత తేలిగ్గా పడని సఫైర్ అద్దం మోడల్ కేసు ఆ అద్దానికి తగ్గట్టు వేరేగా ఉంటుంది. హెసలైట్ అంటే యాక్రిలిక్, దాని గీతలు ఇంట్లోనే పోతాయి. బెజెల్ మీద అల్యూమినియం రింగు గీరుకుపోకుండా ముందు చుట్టూ టేపు అంటించండి. యాక్రిలిక్ పాలిష్ పేస్టు బఠాణీ గింజంత వేసి, మెత్తటి గుడ్డతో రెండు మూడు నిమిషాలు గుండ్రంగా రుద్ది తుడవండి. గీత ఇంకా కనిపిస్తే మళ్లీ చేయండి. గోరుకు తగిలేంత లోతైనది పూర్తిగా పోదు. టేపు జిగురు తీయడానికి అసిటోన్, నెయిల్ పాలిష్ రిమూవర్ ముట్టుకోవద్దు, అద్దం పొగబారి పగుళ్లు తీస్తుంది. అద్దం సరిగ్గా మధ్యలో సన్నటి ఒమేగా గుర్తు కనిపిస్తే అది గీత కాదు, దాన్ని తుడిచే ప్రయత్నం చేయకండి.

ప్రశ్న: కొన్నేళ్ల నాటి 1861 మూన్‌వాచ్ ఉన్నట్టుండి రోజుకు నాలుగు నిమిషాలు ఫాస్ట్ నడుస్తోంది. సర్వీసుకు ఇవ్వాలా?
– పి.వి., నెల్లూరు

జవాబు: ముందు అయస్కాంతం పట్టిందేమో చూడండి. ఫోను స్పీకరు, ల్యాప్‌టాప్ మూత, అయస్కాంతంతో మూసుకునే ఫోను కవరు, వీటిలో ఏదో ఒకటి కారణమై ఉంటుంది. హెయిర్‌స్ప్రింగ్ చుట్లు ఒకదానికొకటి అంటుకుంటే స్ప్రింగు పొట్టిదైనట్టు లెక్క, బ్యాలెన్స్ వేగంగా ఊగుతుంది. వాచీని దిక్సూచి దగ్గరికి తెస్తే సూది వణుకుతుంది. డీమాగ్నెటైజర్ (అయస్కాంతాన్ని పోగొట్టే చిన్న పరికరం) బటన్ నొక్కి పట్టుకుని, దాని మీద నుంచి వాచీని మెల్లగా చేతి దూరం దాకా తీసుకెళ్లి, అక్కడే బటన్ వదలండి. దగ్గరే వదిలేస్తే మళ్లీ పట్టుకుంటుంది. ఇది చేశాకా ఫాస్ట్ నడిస్తే అప్పుడు మెకానిక్ దగ్గరికి వెళ్లండి.

ప్రశ్న: దుబాయిలో కొని చేతికి పెట్టుకుని వస్తే కస్టమ్స్ సుంకం ఉండదంటారు, నిజమేనా?
– ఎస్.ఆర్., కరీంనగర్

జవాబు: నిజం కాదు. చేతికున్నా పెట్టెలో ఉన్నా, విలువ ఉచిత పరిమితి దాటితే శంషాబాద్‌లో రెడ్ ఛానెల్‌లో చెప్పి సుంకం కట్టాలి. బిల్లు దగ్గర ఉంచుకోండి. ఇక్కడ కొన్న వాచీతో విదేశాలకు వెళ్తుంటే, బయల్దేరేటప్పుడే కస్టమ్స్ దగ్గర సీరియల్ నంబరుతో ఎగుమతి సర్టిఫికెట్ రాయించుకుంటే తిరుగు ప్రయాణంలో వాదన ఉండదు.

ప్రశ్న: 2020లో మళ్లీ వచ్చిన 321 స్టీల్ మోడల్ అయితే అసలుదే కదా?
– టి.కె., హైదరాబాద్

జవాబు: మెషీన్ వరకు అవును, పాత 321నే తిరిగి తయారు చేశారు. సెకనుకు 5 కొట్లు, 39.7 మిల్లీమీటర్ల కేసు. కానీ బెజెల్ సెరామిక్, అద్దం సఫైర్. ధర మామూలు మూన్‌వాచ్ కంటే చాలా ఎక్కువ. సన్న మణికట్టుకు బాగా కూర్చుంటుంది. ఆ కొలత కోసమైతే కొనండి, చంద్రుడి పేరు చూసి మాత్రం వద్దు.