ముందు ఖాళీ కొలుచుకో, ఆ తర్వాతే సోఫా కొనుక్కో

అమ్మాయికి ఆశీస్సులు.

కొత్త ఇల్లు చేతికొచ్చిందని, నచ్చిన ఫొటోలన్నీ ఫోనులో దాచుకున్నావని రాశావు. ఆ వస్తువులు విడివిడిగా అన్నీ బాగానే ఉంటాయి. అవన్నీ ఒకే హాల్లోకి వస్తేనే చిక్కు. చాలా ఇళ్లలో గది ఇరుకవడానికి పెద్ద తప్పేమీ కారణం కాదు. ఒక్కో వస్తువూ నాలుగేసి అంగుళాలు ఎక్కువ తీసుకుంటుంది, అంతే. అందుకే ఏదైనా కొనేముందు టేపు పట్టుకో.

గది పొడవు, వెడల్పు రాసుకుంటే సరిపోదు. తలుపు ఎటు తెరుచుకుంటుంది, తెరిచినప్పుడు ఎంత జాగా తీసుకుంటుంది, కిటికీ నేల నుంచి ఎంత ఎత్తులో మొదలవుతుంది, ప్లగ్గులు ఎక్కడున్నాయి, అన్నీ కాగితం మీదికి రావాలి. వీధి గుమ్మం, మెట్ల మలుపు, లిఫ్టు తలుపు కూడా కొలుచుకో. హాల్లో పట్టే సోఫా మెట్ల మలుపు దగ్గర ఆగిపోవచ్చు. తర్వాత కొనాలనుకున్న సోఫా, మంచం, బల్ల ఎంతెంత ఉంటాయో నేల మీద మాస్కింగ్ టేపు అంటించి చూడు. రెండు రోజులు ఆ గీతలు తొక్కకుండా తిరుగు. ఎక్కడ నీ కాలు గీత దాటుతుందో అక్కడే రేపు మోకాలికి దెబ్బ తగులుతుంది.

ఎక్కువగా నడిచే దారికి 3 అడుగులు వదులు. సోఫాకి, టీపాయ్‌కి మధ్య 16 నుంచి 18 అంగుళాలు ఉండాలి. తగ్గితే కాళ్లు ఇరుక్కుంటాయి, పెరిగితే కప్పు అందుకోవడానికి లేవాల్సి వస్తుంది. టీపాయ్ పొడవు సోఫాలో మూడింట రెండు వంతులు చాలు. ఎత్తు సోఫా సీటుకి సమానంగా గానీ, ఒకటి రెండు అంగుళాలు తక్కువగా గానీ ఉండాలి. భోజనాల బల్ల దగ్గర మనిషికి 2 అడుగుల అంచు, కుర్చీ వెనక్కి లాగి లేవడానికి బల్ల అంచు నుంచి గోడ దాకా 3 అడుగులు లెక్క వేసుకో. షోరూములో పైకప్పు ఎత్తుగా, చుట్టూ ఖాళీగా ఉంటుంది కాబట్టి అక్కడ ప్రతి సోఫా చిన్నదిగానే కనిపిస్తుంది. అక్కడ కంటిని నమ్మకు, నీ కాగితాన్ని నమ్ము.

ఒక గదిలో అడుగు పెట్టగానే చూపు వెళ్లే చోటు ఒక్కటే ఉండాలి. అది పెద్ద కిటికీ కావచ్చు, పుస్తకాల అర కావచ్చు, ఒక చిత్రపటం కావచ్చు. టీవీ వెనక రాతి పలకలు, ఎదుటి గోడకి పువ్వుల వాల్‌పేపర్, పైన రంగు లైట్లు పెడితే ఒకదాన్ని ఒకటి చంపేస్తాయి. ఏది ముఖ్యమో నువ్వే తేల్చుకుని మిగతావాటిని సాదాగా ఉంచు. అలాగని అన్నీ తీసేసి బోసి గోడలు మిగిల్చినా బాగుండదు. గట్టి నేల, ఖాళీ గోడలు శబ్దాన్ని తిప్పికొడతాయి, మాట్లాడితే గది మోగుతుంది. మందపాటి కర్టెన్లు, తివాచీ, పుస్తకాలు ఆ మోత పీల్చుకుంటాయి. ఒక పక్క బరువైన ముదురు రంగు సోఫా ఉంటే రెండో పక్క అలాంటిదే మరొకటి పెట్టక్కర్లేదు. రెండు తేలికైన కుర్చీలు, ఒక నిలువు దీపం ఉంటే తూకం కుదురుతుంది.

రంగులకి 60-30-10 లెక్క పనికొస్తుంది. గోడలు, పెద్ద సామానుకి ఒక రంగు 60 శాతం, కర్టెన్లు, కుర్చీలకి రెండోది 30, దిండ్లు, చిన్న వస్తువులకి మూడోది 10. షేడ్ కార్డు చూసి మాత్రం రంగు ఖాయం చెయ్యకు. నాలుగు గోడలకీ వేశాక ఒకదాని రంగు ఇంకోదాని మీద పడి అది చిక్కబడుతుంది. 2 అడుగుల చదరపు అట్టకి రెండు కోట్లు వేసి, ఒక్కో గోడకీ ఆనించి పొద్దున, సాయంత్రం, రాత్రి నీ బల్బు వెలుగులో చూడు. పుట్టీ పని అంత నున్నగా రాకపోతే మాట్ ఫినిష్ ఎంచుకో. మెరిసే పెయింటు ప్రతి గుంటనీ ఎత్తి చూపిస్తుంది.

ఫాల్స్ సీలింగ్ గురించి అడిగావు. 9 అడుగుల ఎత్తున్న గదికి నేను వద్దనే అంటాను. అది నాలుగు నుంచి ఆరు అంగుళాల ఎత్తు తీసుకుంటుంది. ఫ్యాను రెక్కలు నేలకి కనీసం 7 అడుగుల పైన ఉండాలి, రెక్కలకీ సీలింగుకీ మధ్య గాలి ఆడే జాగా కావాలి. ఈ రెండింటికీ మిగిలే జాగా తగ్గిపోతుంది. తప్పదనుకుంటే ఫ్యానుని స్లాబు కొక్కేనికే వేలాడదీయించు, సీలింగు ఫ్రేముకి వద్దు. రెక్కల పైన లైటు రాకుండా చూసుకో, వస్తే ఫ్యాను తిరిగినంతసేపూ నీడలు గదంతా మినుకుమంటాయి. పైన పది లైట్లు బిగించే బదులు ఒక మామూలు లైటు, చదువుకునే చోట ఒక దీపం, మూలన ఒకటి, వేర్వేరు స్విచ్చులతో పెట్టించు. బల్బు వెలుగు రంగుని కెల్విన్లలో చెబుతారు, అంకె తక్కువైతే పసుపు, పెరిగితే తెలుపు. హాలుకి, పడకగదికి 2700 నుంచి 3000 కెల్విన్ బల్బులు, వంటగట్టు మీదికి 4000. ఒకే గదిలో పసుపు, తెలుపు కలిపితే బాగా వేసిన రంగు కూడా మురికిగా కనిపిస్తుంది.

కర్టెన్ రాడ్డు కిటికీ ఫ్రేముకి 4 నుంచి 6 అంగుళాల పైన, రెండు వైపులా 6 అంగుళాలైనా బయటికి రావాలి. గుడ్డ వెడల్పు రాడ్డుకి రెట్టింపు లేకపోతే కుచ్చులు పడవు. పటం మధ్యభాగం నేల నుంచి 57 అంగుళాల దగ్గర ఉంటే కంటికి సరిగ్గా అందుతుంది.

ఖర్చు సంగతి. వైరింగు, నీళ్ల పైపులు, నేల, వార్డ్‌రోబ్ తలుపులు మళ్లీ మార్చడం కష్టం. డబ్బు వాటి నాణ్యత మీద పెట్టు, రంగు, డిజైను సాదాగా ఉంచు. సరదా అంతా దిండ్లలో, కర్టెన్లలో, దీపాల్లో తీర్చుకో, విసుగొస్తే ఒక పూటలో మార్చేయొచ్చు. మంచం, సోఫా, భోజనాల బల్ల, కర్టెన్లతో ఇంట్లో దిగిపో. మిగతావి మూడు నెలలు ఆపు. సాయంత్రం ఎండ ఏ మూలకి వస్తుందో, చెప్పులు, తాళాలు, బ్యాగులు ఎక్కడ పోగవుతున్నాయో ఈలోగా తెలుస్తుంది. అర కట్టించాల్సింది ఆ చోటే. అరల్లో మూడోవంతు ఖాళీగా వదులు.

ప్లాను గీశాక నాకు పంపు. తలుపులు తెరుచుకునే వైపు గుర్తు పెట్టడం మరిచిపోకు.